ఒకే మనిషి, రెండు మోకాళ్లు: ఆపరేషన్‌కు ముందు ఫిజియోథెరపీ ఎంతవరకు పనికొచ్చింది?

మోకాలి మార్పిడికి ముందు ఫిజియోథెరపీ చేయిస్తే త్వరగా కోలుకుంటారా అని అడిగితే అవుననడం సులువు. ఎంత త్వరగా, ఆ తేడా ఎన్నాళ్లు నిలుస్తుంది అన్న దగ్గరే చిక్కంతా. ఒక పేషెంటు చకచకా లేచి తిరిగిందంటే అది ముందు చేసిన వ్యాయామం వల్లా, సర్జన్ హస్తవాసి వల్లా, ఆమె మొండితనం వల్లా అన్నది మామూలుగా విడదీయలేం. ఈ కేసులో కాస్త వెసులుబాటు దొరికింది. ఈమెకు రెండేళ్ల కిందట వేరే ఊళ్లో ఎడమ మోకాలు మార్చారు. అప్పుడు ముందస్తు తయారీ ఏమీ లేదు. ఈసారి కుడి మోకాలికి ఏడు వారాలు దొరికాయి. అప్పటి ఫైలు, అందులో ఫిజియో రాసిన కాగితాలు ఇంట్లో భద్రంగా ఉండటంతో రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడగలిగాను.

పేషెంటు అనుమతితోనే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వివరాలు ఒకటి రెండు మార్చాను.

పేషెంటు

వయసు 66. గుంటూరు జిల్లాలో ఒక పల్లెటూరు. ఇంటి ముందు రేకుల షెడ్డులో టిఫిన్ హోటలు. కొడుకూ కోడలూ చూసుకుంటున్నా అట్ల పెనం మాత్రం ఎవరికీ అప్పగించలేదు. బీపీ, షుగరు రెండూ ఉన్నాయి. ఎత్తు 152 సెంటీమీటర్లు, బరువు 78 కిలోలు, అంటే బీఎంఐ 34కు దగ్గర. కుడి మోకాలు ఎక్స్‌రేలో గ్రేడ్ 4, కెల్‌గ్రెన్-లారెన్స్ లెక్కలో అదే ఆఖరి మెట్టు. లోపలి వైపు ఎముకకు ఎముక ఆనుకుని, కాలు దొడ్డికాలుగా వంగిపోయింది. నడిస్తే నొప్పి పదికి ఏడు. రాత్రి పక్క మీద ఒత్తిగిలినా మెలకువ వస్తోంది.

ఆపరేషన్ తప్పదని సర్జన్ తేల్చారు. అయితే గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్తపరీక్ష హెచ్‌బీఏ1సీ 8.6 వచ్చింది. షుగరు అదుపులో లేకుండా కోస్తే ఇన్ఫెక్షన్ భయం ఎక్కువ కాబట్టి, ఎనిమిది కిందికి తెచ్చుకుని రమ్మని, ఈలోగా ఫిజియోథెరపిస్టునైన నా దగ్గరికి వెళ్లమన్నారు. ఏడు వారాలు అలా వచ్చాయి. ప్రభుత్వ ఆస్పత్రుల్లో నెలల తరబడి వెయిటింగ్ లిస్టులుండే దేశాల్లో ఈ తయారీకి సమయం దానంతటదే దొరుకుతుంది. మన ప్రైవేటు ఆస్పత్రుల్లో సోమవారం ఆపరేషన్ అనుకుంటే వచ్చే సోమవారానికి బెడ్డు మీద ఉంటారు. చాలామందికి తయారీ జరగకపోవడానికి అసలు కారణం ఇదే. దాని మీద నమ్మకం లేకపోవడం రెండో కారణం.

ఆ నమ్మకం ఈమెకూ లేదు. మొదటి రోజే అడిగేసింది. "ఎటూ కోసి కొత్తది పెడతారుగా డాక్టరు బాబూ, ఉన్న ఈ కాస్త గుజ్జు కూడా అరగదీసుకోవడం దేనికి?" ప్రశ్నలో న్యాయం ఉంది. కీలు మారుస్తారు కానీ తొడ కండ మార్చరు, మనం పని చేసేది ఆ కండ మీద అని చెప్పాను. పూర్తిగా ఒప్పుకుందనుకోను. ఎడమ మోకాలప్పుడు పడ్డ బాధ గుర్తుండబట్టి "సరే, కానివ్వండి" అంది.

పరీక్షలో తేలినవి

కాలు పూర్తిగా చాస్తే సున్నా డిగ్రీలని లెక్క. కుడి మోకాలు 10 డిగ్రీల దగ్గర ఆగిపోతోంది, పూర్తిగా చాచలేకపోతోంది. వంపు 100 డిగ్రీల వరకు వస్తోంది. కాలు నిటారుగా పైకి లేపమంటే తొడ ముందు లేస్తుంది, మడమ వెనకబడి మోకాలు మరికొంచెం వంగిపోతుంది. తొడ ముందుభాగంలోని క్వాడ్రిసెప్స్ బిగుసుకోవడం లేదనడానికి అది గుర్తు. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలరో చూస్తే 5. ఆ వయసు ఆడవాళ్లకు 11 కంటే తక్కువైతే బలహీనంగా ఉన్నట్టే లెక్క. కుర్చీలోంచి లేచి మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చునే పరీక్షకు 19 సెకన్లు పట్టింది. 12 దాటితేనే పడిపోయే ప్రమాదం ఉందంటాం.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఎడమ కాలు. మార్చి రెండేళ్లయినా అది కూడా 5 డిగ్రీల దగ్గరే ఆగుతోంది, 105కు మించి వంగడం లేదు. ఎడమ తొడ చుట్టుకొలత కుడి తొడకంటే తక్కువ. కుడి మోకాలు ఆపరేషన్ అయిన మర్నాడు ఒంటి బరువంతా మోయాల్సింది ఈ కాలే. కాబట్టి తయారీ కోయబోయే కాలికి మాత్రమే కాదు, రెండింటికీ, చేతులకూ అని మొదటి వారమే తేల్చుకున్నాను. వాకర్ మీద బరువు వేయాలంటే మోచేతుల్లో సత్తువ కావాలి. పెనం తిప్పే చేతులు కాబట్టి ఆ దిగులు పెద్దగా లేకపోయింది.

ఏడు వారాల్లో చేయించింది

పడుకుని మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి కిందికి నొక్కడం, కాలు నిటారుగా లేపడం, పక్కకు తిరిగి కాలెత్తడం, మడమను మంచం మీద జరుపుతూ మోకాలు వంచడం, పిక్కలను, తొడ వెనక కండరాలను సాగదీయడం. ఇవి ఏ ఫిజియోథెరపిస్టయినా చెప్పేవే. ఇందులో కొత్తదనం ఏమీ లేదు. తేడా ఎలా చేయిస్తామన్న దగ్గరే వస్తుంది.

తొడ బిగించమంటే చాలామంది పిరుదులు బిగిస్తారు, పాదం బిగిస్తారు, ఊపిరి బిగబడతారు. తొడ మాత్రం మెత్తగానే ఉంటుంది. ఈమె కూడా అంతే. అందుకని ముల్లు తిరిగే పాత బీపీ మిషన్ కఫ్‌ను మడిచి మోకాలి కింద పెట్టి 40 వరకు గాలి కొట్టాను. డయల్ ఆమె చేతికిచ్చి, కఫ్‌ను మోకాలితో నొక్కుతూ ముల్లు ఎక్కడిదాకా వెళ్తుందో చూసుకోమన్నాను. మొదట ఎంత నొక్కినా 56 దగ్గర ఆగిపోయింది. వేలు తొడ మీద పెట్టి, కండ ఎక్కడ గట్టిపడాలో తడిమి చూపిస్తే 60, 64 అలా కదిలింది. మూడో వారానికి ముల్లు 80 దాటింది, ఆపరేషన్‌కు వెళ్లేనాటికి 98. ఇది ప్రమాణమున్న పరీక్ష కాదు, ఒక పేషెంటు అంకెను ఇంకొకరితో పోల్చకూడదు. కానీ "గట్టిగా నొక్కండమ్మా" అని వందసార్లు చెప్పినా రానిది ఆ ముల్లు కదిలితే వస్తుంది. వారం తిరక్కుండానే కోడలిని పిలిచి "ఇదిగో చూడు, నిన్నటికంటే రెండు గీతలు ఎక్కువ" అని చూపించుకుంది.

కుర్చీలోంచి లేవడం రెండో ముఖ్యమైన వ్యాయామం. ఇంట్లోవన్నీ ప్లాస్టిక్ కుర్చీలు. అంత కిందినుంచి లేస్తే సాయంత్రానికి మోకాలు ఉబ్బుతోంది. అందుకని రెండు దుప్పట్లు మడిచి కుర్చీలో వేయించాం. ఎత్తు పెరిగింది, నొప్పి తగ్గింది. పదిసార్లు సునాయాసంగా లేవగలిగాక ఒక దుప్పటి తీసేశాం. ఐదో వారంలో రెండోదీ తీశాం. చేసేటప్పుడు నొప్పి పదికి ఐదు దాటకూడదు, దాటినా మర్నాడు పొద్దుటికి మామూలు స్థాయికి రావాలి. అలా రాలేదంటే ఆ రోజు లెక్క తగ్గించుకోవడమే. మానేయకూడదు. ఇదొక్కటి ఇంట్లో అందరికీ అర్థమయ్యేలా చెప్పాను, ఎందుకంటే నొప్పి పెరిగిందనగానే వ్యాయామం మానిపించేది ఇంట్లోవాళ్లే.

మిగిలిన సమయం ఇంటి మీద పెట్టాం. ఆపరేషన్ అయ్యాక వాడబోయే వాకర్‌ను నెల ముందే కొనిపించాను. పాత ఇల్లు, మూడు చోట్ల గడపలున్నాయి. గడప దాటేటప్పుడు ముందు వాకర్‌ను అవతల పెట్టాలి, తర్వాత ఆపరేషన్ కాలు, ఆఖరున మంచి కాలు. చెబితే పది సెకన్లు పట్టే సంగతి. గడప మీద వాకర్ ఒక కాలు అవతల, మూడు కాళ్లు ఇవతల పెట్టి ఊగిపోయే పేషెంట్లను చూశాను కాబట్టి నొప్పి, మందుల మత్తు లేని రోజుల్లోనే అలవాటు చేయిస్తాను. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. దొడ్లో ఉన్న పాత బాత్రూమ్‌లో కమోడ్ పెట్టించారు, గోడకు పట్టుకునే రాడ్ బిగించారు. మంచం కాళ్ల కింద ఇటుకలు పెట్టి ఎత్తు పెంచారు. గచ్చు మీద పరిచిన పట్టాలన్నీ తీసేశారు.

శిక్షణంతా కోడలి ఎదురుగానే జరిగింది. ఎడమ మోకాలప్పుడు మడత దిండు మోకాలి కింద పెట్టింది తనేనట, అత్తగారికి హాయిగా ఉంటుందని. హాయిగానే ఉంటుంది. అలా వారాల తరబడి ఉంచితే మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. ఎడమ కాలు 5 డిగ్రీల దగ్గర ఆగిపోవడానికి అది ఒక కారణమై ఉండొచ్చు. దిండు పెట్టాలనిపిస్తే మడమ కింద పెట్టమన్నాను.

ఏడో వారం చివర మళ్లీ కొలిచాను. చాచడం 10 నుంచి 7 డిగ్రీలకు వచ్చింది, వంపు 100 నుంచి 106కు. ఇంత అరిగిన కీలులో ఇంతకంటే ఆశించకూడదు, ఎముకలే అడ్డం. కుర్చీ పరీక్ష 5 నుంచి 9కి, నడక పరీక్ష 19 సెకన్ల నుంచి 14కు. నొప్పి ఐదు. బరువు మూడు కిలోలు తగ్గింది, హెచ్‌బీఏ1సీ 7.7. నొప్పి కాస్త తగ్గిందని ఆపరేషన్ వాయిదా వేసుకుందామా అని కొడుకు అడిగాడు. గ్రేడ్ 4లో, రాత్రి నొప్పి అలాగే ఉన్నప్పుడు, అది నేను చెప్పగలిగే సలహా కాదు. సర్జన్‌ను అడగమన్నాను. ఆపరేషనే ఖాయమైంది.

ఆపరేషన్ తర్వాత

వెన్నుకు మత్తు, తొడ లోపలివైపు నరానికి బ్లాక్ (నొప్పి తెలియకుండా చేసే ఇంజెక్షన్) ఇచ్చి చేశారు. మర్నాడు పొద్దున ఆమె ఆపరేషన్ కాలిని నిటారుగా, మోకాలు జారకుండా, మంచం నుంచి జానెడు ఎత్తు లేపింది. ఎడమ మోకాలప్పుడు ఇదే పని చేయడానికి పది రోజులు దాటిందని పాత కాగితాల్లో ఉంది.

దీన్ని కొంచెం వివరించాలి. కీలు మార్చాక మొదటి నెలలో క్వాడ్రిసెప్స్ బలం ఆపరేషన్‌కు ముందున్న దాంట్లో దాదాపు 60 శాతం పడిపోతుంది. కండ కరిగిపోవడం వల్ల మాత్రమే కాదు. మోకాలు వాచి, గాయపడి ఉన్నప్పుడు మెదడు నుంచి కండకు వెళ్లే ఆదేశం వెన్నుపాము దగ్గరే సన్నగిల్లిపోతుంది. పేషెంటు ప్రయత్నిస్తూనే ఉంటుంది, కండ పలకదు. బద్ధకమని ఇంట్లోవాళ్లు విసుక్కునేది ఈ రోజుల్లోనే. ముందు వ్యాయామం చేసినవాళ్లకు ఈ పతనం రాదని కాదు, వస్తుంది. కాలవ కట్టేసేలోపు ఊరి చెరువు నింపుకున్నట్టు, పడిపోగా మిగిలేదైనా నడవడానికి సరిపోతుంది. పైగా ఏ కండను ఎలా బిగించాలో ఒంటికి ముందే తెలిసి ఉంటుంది. నొప్పిలో, వాపులో, మొదటిసారి నేర్చుకునే పని కాదది.

మొదటి రోజు వాకర్‌తో బాత్రూమ్ దాకా. మూడో రోజు నాలుగు మెట్లు ఎక్కి దిగింది, ఏ కాలు ముందో నర్సుకు తనే చెప్పిందట. నాలుగో రోజు ఇంటికి. రెండు వారాలకు కుట్లు తీసేనాటికి చాచడం 4 డిగ్రీలు, వంపు 92. ఎడమ మోకాలికి అదే సమయానికి 12, 70 అని ఉంది. వాకర్ ఈసారి మూడు వారాల్లో వదిలేసి చేతికర్రకు వచ్చింది. అప్పుడు దాదాపు రెండు నెలలు.

అంతా నున్నగా జరగలేదు. ఇంటికెళ్లిన నాలుగో రోజుకు కాలు పాదం దాకా ఉబ్బింది, పిక్కలో పట్టేసిన నొప్పి. రక్తం గడ్డ కట్టిందేమోనని వెంటనే ఆస్పత్రికి పంపితే డాప్లర్ స్కాన్‌లో ఏమీ లేదు. బాగుంది కదా అని హోటల్లో స్టూలు వేసుకుని పొద్దుటినుంచి కాళ్లు వేలాడదీసి కూర్చుందని తర్వాత తెలిసింది. ముందస్తు తయారీతో వచ్చే ధీమాకు ఇలాంటి ఖర్చు కూడా ఉంటుంది. చురుగ్గా ఉన్నవాళ్లను కూర్చోబెట్టడం మూలిగేవాళ్లను లేపడమంత కష్టం. కాలు ఎత్తులో పెట్టడం, పాదం పైకీ కిందికీ ఆడించడం, గంటకోసారి ఐస్ అని మళ్లీ మొదలుపెట్టాం.

రాత్రి నొప్పి విషయంలో తేడా ఏమీ కనిపించలేదు. మూడో వారంలో నిద్ర లేక ఏడ్చింది, అచ్చం ఎడమ మోకాలప్పటిలాగే. "ఇన్నాళ్లు చేసినదంతా ఏమైపోయింది" అని అడిగింది. కండ బలం రాత్రి నొప్పికి మందు కాదని చెప్పడం తప్ప నా దగ్గర వేరే సమాధానం లేదు. సర్జన్ మందులు మార్చాక రెండు వారాల్లో తగ్గింది.

ఆరు వారాలకు వంపు 112, చాచడం 2. కుర్చీ పరీక్ష 10, నడక 12 సెకన్లు. మూడు నెలలకు వంపు 117, కాలు పూర్తిగా చాస్తోంది. కుర్చీ పరీక్ష 12. పెనం దగ్గరికి తొమ్మిదో వారంలో చేరింది, గంటకోసారి కూర్చోవాలన్న షరతు మీద.

ఇందులో తయారీ వాటా ఎంత?

మొత్తం దాని ఖాతాలో వేయలేను. రెండోసారి ఆపరేషన్‌కు వెళ్లే మనిషికి ఏం జరగబోతోందో తెలుసు, భయం తక్కువ. ఈసారి సర్జన్ వేరు. నరానికి బ్లాక్ ఇచ్చినట్టు పాత డిశ్చార్జ్ కాగితంలో లేదు. షుగరు, బరువు మెరుగ్గా ఉన్నాయి. ఎడమ మోకాలప్పుడు ఆనుకోవడానికి మిగిలింది అరిగిపోయిన కుడి కాలు. ఇప్పుడు ఆనుకున్నది మార్చిన ఎడమ కాలు. ఇది ఒక్కటే పెద్ద తేడా తేగలదు.

వంపు సంగతి కూడా ఉంది. ఆపరేషన్ తర్వాత మోకాలు ఎంత వంగుతుందో ముందుగా చెప్పే అంచనాల్లో బలమైనది ఆపరేషన్‌కు ముందున్న వంపే. ఎడమ మోకాలు అప్పట్లో ఎంత వంగేదో పాత కాగితాల్లో ఎక్కడా రాయలేదు. అది 80 ఉండి ఉంటే ఇప్పటి 105 మంచి ఫలితమే, నా పోలికకు విలువ తగ్గిపోతుంది.

ఇప్పటివరకు వచ్చిన ట్రయల్స్‌ను కలిపి చూసిన సమీక్షలు చెప్పేదీ పెద్ద అద్భుతమేమీ కాదు. ఆపరేషన్ నాటికి బలం, పనితనం పెరుగుతాయి. ఆపరేషన్ అయ్యాక మొదటి ఆరు వారాలు, మహా అయితే మూడు నెలలు ఆ లాభం కనిపిస్తుంది. తర్వాత తయారీ లేనివాళ్లు కూడా మెల్లగా అందుకుంటారు. ఏడాది తర్వాత ఇద్దరినీ పక్కన నిలబెడితే ఎవరు ముందు వ్యాయామం చేశారో చెప్పడం కష్టం. ఈ మాట విని "అయితే ఎందుకీ తంటా" అనేవాళ్లున్నారు. ఆ మొదటి ఆరు వారాలే ఇంట్లోవాళ్లకు, ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు, రోజు కూలీ మానుకుని తల్లిని చూసుకునే కొడుక్కి ప్రాణసంకటంగా గడిచేవి. పడిపోయేదీ, మోకాలు బిగుసుకుపోయేదీ, మళ్లీ మత్తు ఇచ్చి బలవంతంగా వంచాల్సిన గతి పట్టేదీ ఎక్కువగా ఈ రోజుల్లో జరిగే తప్పుల వల్లే. నాకు ఆ ఆరు వారాలు చాలు.

ఈ కేసులో ఖచ్చితంగా తయారీ వల్లే వచ్చిందని నేను నిలబడి చెప్పగలిగినవి రెండు: మర్నాడే కాలు నిటారుగా లేవడం, గడపలు, మెట్ల దగ్గర తడబాటు లేకపోవడం. కాలు పూర్తిగా చాచగలగడంలో దిండు మానిపించడానికి వాటా ఉందని నా అభిప్రాయం, రుజువు చూపలేను. మిగతావన్నీ కలగాపులగం.

కింద కూర్చోవడం గురించి ఆమె ఇప్పటికీ అడుగుతోంది, పీట మీద కూర్చుని పప్పు రుబ్బాలని. వద్దన్నాను. మంగళగిరి కొండ మెట్లెక్కుతానంది. రోడ్డు దారిన బండిలో వెళ్లి, పైనున్న కాసిని మెట్లు రాడ్ పట్టుకుని ఎక్కమన్నాను.

ఏడు వారాలు అందరికీ దొరకవని మళ్లీ చెప్పనక్కర్లేదు. వారం పది రోజులే ఉందంటే కండ పెంచే ఆలోచన వదిలేస్తాను, ఆ గడువులో కండ పెరగదు. తొడ బిగించడం సరిగ్గా వచ్చేదాకా నేర్పుతాను. వాకర్‌తో గడప, మెట్లు దాటిస్తాను. ఇంట్లో కమోడ్, మంచం ఎత్తు చూసుకోమంటాను. పేషెంటుతో పాటు, రాత్రిళ్లు పక్కన ఎవరు పడుకుంటారో వాళ్లను కూడా తప్పకుండా తీసుకురమ్మంటాను. దూరం ఊళ్లవాళ్లయితే ఒకసారి వచ్చి నేర్చుకుని వెళ్తే చాలు, మిగతాది వాట్సాప్ వీడియో కాల్‌లో చూడొచ్చు. మంచం పక్కన ఫోన్ నిలబెట్టి తొడ కనిపించేలా పెట్టమని మాత్రం ముందే చెప్పాలి, లేకపోతే కాల్ సగం ఫ్యానే కనిపిస్తుంది.